ఏ సీరియస్, మేడం?

ఒక మాట నా గొంతులో ఇరుక్కుని ఉంది. ఏళ్లయింది. మింగలేక, కక్కలేక, దానితోనే అన్నం తిన్నాను, దానితోనే పాఠాలు చెప్పాను, దానితోనే నా దగ్గర చదివిన పిల్లల పెళ్లిళ్లకు పోయి అక్షింతలు వేసి వచ్చాను. అది ఇంగ్లీష్ మాట. మా ఊళ్లలో బడి ముఖం చూడని ముసలమ్మ కూడా వాడే మాట. ఆ రోజు దాని అర్థం నాకు సరిగ్గా తెలియలేదని నమ్మినవాళ్లున్నారు. ఇప్పటికీ నమ్ముతున్నారు. తెలుసు. నాకు అప్పుడే తెలుసు. నేను చెప్పాల్సింది ఇంతే, కానీ ఇంత పొట్టిగా చెప్పి ఊరుకుంటే అది ఒప్పుకోవడం కాదు, మళ్లీ తప్పించుకోవడమే. అందుకని మొదటినుంచి చెబుతాను.

మీరెవరో నాకు తెలియదు. మంచిదే. తెలిసినవాళ్లయితే ‘పోనీలే, నువ్వు మాత్రం కావాలని చేశావా’ అని ఊరడిస్తారు. నాకు ఆ ఊరడింపు అంటేనే ఒళ్లు మంట. ఇన్నేళ్లూ దాని నీడలోనే బతికాను కనుక.

నేను ఇంగ్లీష్ టీచర్ని. కోడేరు వైపు ఒక బాలికల బడిలో చాలాకాలం చేశాను, పేరు వద్దు. పిల్లలు అక్కడే ఉండి చదువుకుంటారు. నేను చదివిందంతా తెలుగు మీడియంలో. ఇంగ్లీష్‌ను కంటితో నేర్చుకున్నాను, చెవితో కాదు. దాని ఫలితం నాగర్‌కర్నూల్‌లో టీచర్లకు శిక్షణ పెట్టినప్పుడు అనుభవించాను. పిల్లలకు ఉచ్చారణ ఎట్లా నేర్పుతారో చెప్పమంటే ఉత్సాహంగా లేచి ‘ప్రొనౌన్సియేషన్’ అని మొదలుపెట్టాను. శిక్షణ ఇవ్వడానికి వచ్చిన పెద్దమనిషి చేయి ఎత్తి ఆపాడు. ప్రొనన్సియేషన్ మేడం, ముందు ఆ మాటను పలకడం నేర్చుకోండి, తర్వాత పిల్లలకు నేర్పుదురు గాని అన్నాడు. హాలంతా నవ్వింది. నా పక్కన కూర్చున్న మా బడి లెక్కల టీచర్ కూడా నవ్వింది.

చిన్న సంగతే అంటారు. నాకు కాదు. నేను తలబిరుసు మనిషిని. తిట్టును మరిచిపోతాను, నవ్వును మరిచిపోను. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒకటే అనుకున్నాను. ఇదే ఊళ్లో, ఇదే పెద్దమనిషి ముందు నా పిల్ల ఒకతి నిలబడి మాట్లాడాలి. ఆయన నోరు మూసుకుని వినాలి. నేను చూడాలి.

ఆ పిల్ల దొరికింది. శివలీల అనుకోండి, అసలు పేరు కాదు. బల్మూర్ అవతల ఒక పల్లె వాళ్లది. తండ్రి చేను కౌలుకు పట్టి పత్తి వేసేవాడు. తొమ్మిదో తరగతిలో నా చేతికి వచ్చింది. అందరు పిల్లల్లాగే స్కూల్‌ను ‘ఇస్కూల్’ అనేది, స్టేషన్‌ను ‘ఇస్టేషన్’ అనేది. ఆ ముందుండే ‘ఇ’ని పోగొట్టడానికి నేనొక ఉపాయం చేశాను. కుక్కర్ కూత పెట్టే ముందు ‘స్‌స్‌స్’ అంటుంది కదా, ఆ చప్పుడుతో మాట మొదలుపెట్టండి, ముందు ‘ఇ’ వచ్చిందంటే కుక్కర్ పేలినట్టే అని బెదిరించాను. కొన్నాళ్లు పిల్లల గదుల్లో ఎటు పోయినా కుక్కర్లే. ‘జూ’, ‘జీరో’ అనే మాటల్లో ఇంగ్లీష్ ‘జెడ్’ చప్పుడు పలకడానికి నేనే తిప్పలు పడుతుంటే ఈ పిల్ల లేచి, ‘మేడం, గిది మన జర ల ఉన్న జ నే గదా’ అంది. జర ఆగు, అంటే కాస్త ఆగు, అనేటప్పుడు మా నాలుక తానే చేసే పని అది. ఆ రోజు నుంచి ఆమె మీద నాకు ప్రేమ పుట్టింది. ప్రేమేనా? అవసరం కూడా. రెండింటినీ విడదీసి చూడమంటే ఇప్పటికీ చేతకాదు.

వ్యాకరణం దగ్గర నాది ఒకటే సూత్రం. మాటను ఒంటరిగా పట్టుకుని అది నామవాచకమా, విశేషణమా, క్రియా అని అడగొద్దు, పక్కన ఏ మాట ఉందో చూడండి అనేదాన్ని. లేట్ గా వచ్చిండు అంటే ఆలస్యంగా వచ్చాడు. అదే లేట్‌ను మనిషి పేరు ముందు పెట్టండి, మనిషి లేడు. మాట అదే. పక్కమాట మారింది, ప్రాణం పోయింది. పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. అందరికంటే ఎక్కువ శివలీల నవ్వేది.

ఈ పాఠం గుర్తుంచుకోండి. నేను చేసిన పాపం ఈ పాఠంలోనే ఉంది.

జిల్లా ఇంగ్లీష్ పోటీలకు ఆమె పేరు పంపాను. అట్ట మీద రాసిన మాటను చూపిస్తారు, పలకాలి, అది ఏ భాషాభాగమో చెప్పాలి, సొంతంగా వాక్యం చెప్పాలి. పోటీ నాగర్‌కర్నూల్‌లోనే. న్యాయనిర్ణేత ఎవరో తర్వాత తెలిసింది. ఆ పెద్దమనిషే.

పోటీ దసరా సెలవుల తర్వాత. శివలీల సెలవులకు ఇంటికి పోయింది. పత్తి ఏరడం అయ్యేదాకా ఉండమన్నాడట తండ్రి. ఈమె ఉండనంది. మాటా మాటా పెరిగింది. తెల్లారి ఆయన చేనుకు పోయాక చెప్పకుండా బస్సెక్కి వచ్చేసింది. వచ్చి నాతో చెప్పి ఏడ్చింది. నేనేమన్నాను? మంచి పని చేశావన్నాను. ఆయన కోపం పోటీ అయ్యాక చూసుకుందామన్నాను.

ఇక ఆ పొద్దు.

బడి ముందు జీపు ఆగి ఉంది. పిల్ల యూనిఫాం ఇస్త్రీ చేయించి, నేనే జడలు వేశాను. పిల్లల ఇళ్ల నుంచి వచ్చే ఫోన్లు నా ఫోన్‌కే వస్తాయి. మోగింది. ఎత్తాను.

‘మేడం, నేను శివలీల చిన్నాయనను. మా అన్న సీరియస్‌గున్నడు. పిల్లను జర జల్ది పంపియ్యుండ్రి.’

అంతే. లైను కట్ అయింది. కానీ కట్ అయ్యేలోపు నేను ఇంకొకటి విన్నాను. ఆయన వెనక ఎవరో ఆడమనిషి, ‘సిస్టరమ్మా, గ్లూకోజ్ అయిపోయింది’ అని పిలుస్తోంది. ఇనుప మంచం కాళ్లు బండల మీద కీచుమన్న చప్పుడు. అది ఇల్లు కాదు. చేను కాదు. ఆ చప్పుడు విన్నది ఈ లోకంలో నేనొక్కదాన్నే. ఎవరికీ చెప్పలేదు. నా భర్తకు కూడా. మీకే మొదటిసారి చెబుతున్నాను.

తిరిగి ఫోన్ చేయవచ్చు. వేలు ఆ బటన్ మీదే ఉంది. చేస్తే ఏమైందో వివరంగా చెబుతారు. చెబితే తెలిసిపోతుంది. తెలిసిపోతే పంపాలి. అప్పటికే తెలిసిన దాన్ని ఇంకా తెలుసుకోకుండా ఉండడానికి నేను ఫోన్‌ను సంచిలో వేసుకున్నాను. మనిషి ఇంత తెలివిగా తనను తాను మోసం చేసుకోగలడా? చేసుకోగలడు. అర నిమిషం చాలు.

‘ఎవ్వరు మేడం?’ అంది శివలీల, జీపులో నుంచి తల బయటికి పెట్టి.

‘మీ చిన్నాయన. మీ నాయిన సీరియస్ అయితుండంట. ఇంటికి రమ్మంటున్నడు.’

ఆమె ముఖం చిన్నబోయింది. ‘చెప్పకుంట ఒచ్చిన గద మేడం, గందుకే. పత్తి ఏరనీకి మనుషులు దొర్కుత లేరు.’ కాసేపు జడ రిబ్బను వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. తర్వాత తానే సర్దుకుంది. ‘కప్పు ఒస్తే తీస్కపోయి ఆయన ముంగట పెడ్త. సీరియస్ గీరియస్ అంత అదే పోతది.’

నేను నవ్వాను. నవ్వానని గుర్తుంది.

చూశారు కదా. సీరియస్‌గున్నడు అని ఆయన అన్నాడు. సీరియస్ అయితుండు అని నేను అన్నాను. మా వైపు మొదటిదానికి అర్థం దవాఖాన. రెండోదానికి అర్థం కోపం. నేను మాటను ముట్టుకోలేదు. పక్కమాటను మార్చాను. నేను పిల్లలకు నేర్పిన పాఠాన్నే ఆ పిల్ల మీద ప్రయోగించాను. అబద్ధం ఆడలేదు కదా, ఆయన చెప్పిన మాటే చెప్పాను కదా అని దారి పొడుగునా నాకు నేను సర్దిచెప్పుకున్నాను. జీపు నాగర్‌కర్నూల్‌లో దవాఖాన ముందు నుంచే పోయింది. గేటు దగ్గర జనం ఉన్నారు. బల్మూర్ వైపు నుంచి ప్రాణం మీదికి వచ్చినవాళ్లను చాలాసార్లు ఇక్కడికే తెస్తారని నాకు తెలుసు. నేను అటు చూడలేదు. శివలీల చూసింది, జనాన్ని చూసినట్టు చూసి, అట్టముక్కల మీది మాటలు మళ్లీ వల్లె వేసుకుంది.

పొద్దున్నే అయిపోతుందన్న పోటీ సాగింది. ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చాడు. దండలు, ఉపన్యాసాలు. ఫోన్ మోగకుండా పెట్టాను, కానీ ఒడిలో సంచి వణుకుతోంది. ఆగుతోంది. మళ్లీ వణుకుతోంది. ఇంకొక్క పిల్ల అయితే మనదే కదా, మన పిల్లది అయిపోగానే లేచి పోదాం అనుకున్నాను. మన పిల్ల వంతు వచ్చింది, గెలిచి తర్వాతి రౌండుకు పోయింది. ఇదొక్కటీ అయితే అనుకున్నాను. గండం గడుస్తుందిలే, మనుషులు ఊరికే పోతారా అనుకున్నాను. నా నోటితో ఆ ఒక్క మాట అనడానికి నాకు ఎన్ని సందులు దొరికాయో లెక్కలేదు. అన్నింటినీ చూస్తూ చూస్తూ దాటేశాను.

చివరి రౌండుకు ముందుది. మీకు నచ్చిన విశేషణంతో ఒక వాక్యం చెప్పమన్నాడు పెద్దమనిషి. మేము ఎన్ని సాధన చేశామో. అందమైన పువ్వు, ఎత్తయిన కొండ, అన్నీ. పొద్దున్నుంచి శివలీల మనసులో ఉన్నది ఒకటే, అది బయటికి వచ్చింది.

‘మై ఫాదర్ ఈజ్ సీరియస్.’

స్‌స్ అని ఆ ఆఖరి మాటను ఎంత చక్కగా మొదలుపెట్టిందో.

పెద్దమనిషి పెన్ను కింద పెట్టాడు. ఆయన గొంతు మారిపోయింది. ఏ హాస్పిటల్‌లో ఉన్నారమ్మా అని ఇంగ్లీష్‌లో అడిగాడు. శివలీలకు అర్థం కాలేదు. నో సర్, హోం సర్, హీ ఈజ్ యాంగ్రీ అంది. హాలు నవ్వింది. ఆయన నవ్వలేదు. తెలుగులో మెల్లగా చెప్పాడు. ఫాదర్ ఈజ్ సీరియస్ అంటే ప్రాణం మీదికి వచ్చిందని అనుకుంటారు తల్లీ, కోపమైతే కోపమనే చెప్పాలి అన్నాడు. నన్ను నవ్వులపాలు చేసిన మనిషి ఆ రోజు నా పిల్లతో ఎంత మెత్తగా మాట్లాడాడు. నేను అది కూడా తట్టుకోలేకపోయాను.

ఆమె వేదిక దిగి నేరుగా నా దగ్గరికి వచ్చింది. నా కుర్చీ ముందు నిలబడింది.

‘మేడం, పొద్దుగాల మీరు చెప్పింది ఏ సీరియస్?’

ఇది కూడా ఒక సందే. అన్నిటికంటే పెద్దది. పిల్ల తానే తలుపు తీసి పట్టుకుని నిలబడింది, నేను అడుగు వేస్తే చాలు. దవాఖాన అక్కడికి కూతవేటు దూరం. ఆ సమయానికి ఆమె నాయినకు ఇంకా మాట ఉంది. ఆ సంగతి తర్వాత తెలిసింది.

‘కోపమే,’ అన్నాను. ‘పో, ఇంకొక్క రౌండే ఉంది.’

ఆమె నా కళ్లల్లోకి చూసింది. తర్వాత తల ఊపి పోయింది. మాటకు అర్థం మేడం చెబితే ఇక అడగాల్సిన పని లేదని నేర్పింది నేనే కదా.

పొద్దున చేసింది మాటలతో ఆట అంటాను. ఇది ఆట కాదు. ఇది అబద్ధం. నిఖార్సైన తెలుగు అబద్ధం, ఒకే మాటలో.

రెండో బహుమతి వచ్చింది. పెద్దమనిషి నా దగ్గరికి వచ్చి, మీ పిల్ల ఉచ్చారణ బాగుంది మేడం, మంచిగా నేర్పారు అన్నాడు. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. ఏ నవ్వు కోసమైతే నేను ఇదంతా చేశానో, ఆ నవ్వు నవ్వించిన సంగతే ఆయనకు గుర్తు లేదు.

బయటికి వచ్చి ఫోన్ చేశాను. చిన్నాయన ఎత్తాడు. వస్తున్నాం, జల్దీ బయలుదేరుతున్నాం అన్నాను.

‘ఇగ జల్ది ఏం అవుసరం లేదు మేడం,’ అన్నాడు. ‘నిమ్మళంగనే తీస్కరాండ్రి.’

ఆ నిమ్మళం నా చెవిలో ఇంకా ఉంది.

ముందు రోజు ఆయన చేనుకు పురుగుమందు కొడుతుంటే గాలి తిరిగి ముఖాన కొట్టిందట. ఇంటికి వచ్చి పడిపోయాడట. మధ్యాహ్నం దాకా తెలివిలోకి వస్తూ పోతూ ఉన్నాడట. వచ్చినప్పుడల్లా పిల్ల ఒచ్చిందా అని అడిగాడట. కోపంతో కాదు. పత్తి గురించి కాదు. బస్సు దొరికిందో లేదో అని అడిగాడట.

పొద్దున మేము దాటిపోయిన ఆ దవాఖానలోనే వాళ్లమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. శివలీల చేతిలో కప్పు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చివరిదాకా పట్టుకునే ఉంది. చిన్నాయన నన్ను చూశాడు. అరవలేదు. ‘పొద్దుగాల్నే చెప్తి గద మేడం. సీరియస్‌గున్నడు అంటి. పంపియ్యుండ్రి అంటి.’

నేను నోరు తెరవకముందే శివలీల మాట్లాడింది.

‘మేడంకు సమజ్ గాలె చిన్నాయనా. కోపమైతుండు అనుకున్నది. మనమంత గట్లనే అంటం గద. మేడం తప్పేం లేదు.’

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. అందరూ నా వైపు చూశారు. తల ఊపాను. అవును, అట్లనే అనుకున్న అన్నాను.

ఒక మాట తప్పు పలికినందుకు ఏళ్ల తరబడి కుమిలిన మనిషిని నేను. అట్లాంటిదాన్ని, ఇంగ్లీష్‌లో అన్నిటికంటే తేలికైన మాటకు అర్థం తెలియనిదానిగా ఆ రోజు సంతోషంగా ఒప్పుకున్నాను. సంతోషంగా. ఆ మాట వాడక తప్పడం లేదు. పిల్ల నాకు దాక్కోవడానికి ఒక చోటు చూపించింది, నేను దూరి కూర్చున్నాను. బడిలో అందరూ నన్నే ఊరడించారు. లెక్కల టీచర్ నా చేయి పట్టుకుని, ఎవరికైనా అట్లనే అనిపిస్తది అక్కా అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ ఏడుపు నిజమే. దాని కారణమే అబద్ధం.

ఆమెకు తెలుసా? ఇదే నన్ను తినేసే ప్రశ్న. నన్ను నమ్మి అట్లా అందా, నన్ను కాపాడటానికి అందా? చచ్చిపోయిన తండ్రి పక్కన నిలబడి టీచర్‌ను కాపాడేంత పెద్ద మనసు ఒక పిల్లకు ఉంటుందా? పదో తరగతి కూడా నా దగ్గరే చదివింది. ముందు వరుసలోనే కూర్చుంది. ఎప్పుడూ అడగలేదు. నేను ‘సీరియస్’ అన్న మాటను పాఠంలో వస్తే దాటేసేదాన్ని. ఆమె ఆ పేజీలో తల ఎత్తేది కాదు.

ఈ మధ్య వనపర్తిలో ఒక దవాఖానకు పోయాను, మా ఆడపడుచును చూడటానికి. శివలీల అక్కడ నర్సు. నాకు తెలుసు కానీ ఆ రోజు ఉంటుందనుకోలేదు. నన్ను చూసి పరుగున వచ్చింది, కుర్చీ వేసింది, టీ తెప్పించింది. ఇంతలో కొత్తగా చేరిన నర్సు ఒకమ్మాయి వచ్చి, ఫలానా మంచం పేషెంట్ ఇంటివాళ్లకు ఫోన్ చేసి సీరియస్ అని చెప్పిన అక్కా, ఇంకా రాలేదు అంది.

శివలీల ఆ అమ్మాయి వైపు తిరిగింది. కోపపడలేదు.

‘ఏ సీరియస్? గట్ల చెప్తే ఓళ్లకు సమజ్ గాదు. మల్ల ఫోన్ చెయ్యి. పానం మీదికొచ్చింది, ఇప్పుడే బైలెల్లుండ్రి అని చెప్పు. గంతే చెప్పు.’

ఆ అమ్మాయి పోయింది. శివలీల నా వైపు తిరిగి టీ గ్లాసు చేతికి ఇచ్చింది. ‘మనకెర్కే గద మేడం,’ అంది.

మనకు ఎరుకే. తనకూ, నాకూ. ఏది ఎరుక? ఆ మాటకు రెండు అర్థాలున్నాయనా? ఆ రోజు మాకు ఆ సంగతి తెలియలేదనా? లేక... ఆమె ముఖం మామూలుగా ఉంది. అందులో నాకు ఏమీ దొరకలేదు. అప్పుడైనా అనవచ్చు. గ్లాసు కింద పెట్టి, నాకు ముందే ఎరుకే శివలీలా అనవచ్చు. టీ తాగాను. బాగుందన్నాను. బస్సుకు టైమైందని లేచాను.

ఆమెకు చెబుతానా? తెలియదు. ఆమె క్షమిస్తుందేమోనని నాకు భయం. ఎప్పటిలాగే ఆమే నాకు ఒక సాకు వెతికి పెడుతుందేమోనని అంతకంటే భయం. అందుకే ముందు మీకు చెబుతున్నాను, సాకు వెతికి పెట్టలేని మీకు.

తెలుగులో ‘నాకు తెలుసు’ అంటాం. తెలివి దానంతట అదే వచ్చి నా దగ్గర కూర్చున్నట్టు, అందులో నేను చేసిందేమీ లేనట్టు. ఇంగ్లీష్‌లో అట్లా కుదరదు. కర్త వచ్చి ముందు నిలబడాలి. ఇన్నేళ్లు పిల్లల చేత వేల వాక్యాలు చెప్పించాను, ఈ ఒక్కటీ నేను చెప్పలేదు. గదిలో ఎవరూ లేరు. ఇప్పుడే పైకి అని చూశాను.

ఐ న్యూ.

గొంతు తడబడలేదు.